కారు ఏసీ వేయగానే ముక్కిన వాసన: పోగొట్టడం ఎలా, మళ్ళీ రాకుండా ఏం చేయాలి?

కొత్తస్టీరింగ్

అందరికీ నమస్కారం. ఏసీ స్విచ్ నొక్కగానే మా కారులో మొదటి ఒకటి రెండు నిమిషాలు ముక్కిన వాసన వస్తోంది. పిండి ఆరేయకుండా బకెట్లో వదిలేసిన తడి గుడ్డ వాసన ఎలా ఉంటుందో అచ్చం అలాగే. తర్వాత మెల్లగా తగ్గిపోతుంది. కొన్ని గంటలు కారు ఆపి ఉంచి బయలుదేరితే మళ్ళీ మొదలు. ఏసీ లేకుండా బ్లోయర్ ఒక్కటే వేస్తే ఒక్కోసారి ఇంకా గట్టిగా కొడుతుంది. చల్లదనంలో మాత్రం ఏ లోటూ లేదు.

మా పాపకి ఆస్తమా ఉంది. కారెక్కిన కాసేపటికే దగ్గు మొదలవుతోంది, నా టెన్షన్ అంతా అందుకే. డ్యాష్‌బోర్డు మీద పెర్‌ఫ్యూమ్ పెట్టి చూశాం. ఆ ఘాటుకి దగ్గు ఇంకా ఎక్కువైంది, తీసేశాం. ఒక వర్క్‌షాప్‌లో చూపిస్తే "గ్యాస్ పాతబడింది, మారిస్తే పోతుంది" అన్నారు. గ్యాస్‌కీ వాసనకీ నిజంగా సంబంధం ఉందా? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

స్పానర్‌పట్టు

గ్యాస్ జోలికి వెళ్ళకండి. ఆర్-134ఏ అయినా, కొత్త కార్లలో వచ్చే ఆర్-1234వైఎఫ్ అయినా మూసి ఉన్న పైపుల్లోనే తిరుగుతుంది. మీరు పీల్చే గాలి దాన్ని తాకదు. అది పాతబడటం అంటూ ఉండదు, ఎక్కడైనా లీకైతే తగ్గుతుంది, తగ్గితే చల్లదనం పడిపోతుంది. మీకు చల్లదనం బాగానే ఉంది కదా, అంటే అక్కడ సమస్య లేనట్టే.

వాసన పుట్టేది ఎవాపరేటర్ దగ్గర. డ్యాష్‌బోర్డు వెనక ఒక ప్లాస్టిక్ పెట్టెలో ఉంటుంది. సన్నటి అల్యూమినియం రేకులు దగ్గర దగ్గరగా పేర్చిన కాయిల్ అది. ఏసీ నడుస్తున్నప్పుడు దాని ఉపరితలం సున్నాకి కొద్ది డిగ్రీలు పైన ఉంటుంది. వెచ్చటి గాలి దాన్ని తాకగానే అందులోని తేమ నీళ్ళుగా మారి రేకులకు పడుతుంది. ఆ నీళ్ళు కిందికి జారి డ్రెయిన్ పైపులోంచి కారు కింద పడిపోవాలి. చాలావరకు పడిపోతాయి కూడా. కానీ రేకుల మధ్య పట్టుకున్న తడి ఏసీ ఆపాక కూడా అలాగే ఉండిపోతుంది. లోపల చీకటి, గాలి ఆడదు, ఇంజిన్ వేడికి వెచ్చగా ఉంటుంది, పైగా గాలితో వచ్చిన దుమ్ము ఉండనే ఉంది. బూజు, బాక్టీరియా పెరగడానికి ఇంకేం కావాలి?

బ్లోయర్ ఒక్కటే వేస్తే వాసన ఎక్కువ రావడానికి కారణం కూడా ఇదే. కాయిల్ మీది తడి ఆరుతూ వాసనని గాలిలోకి వదులుతుంది. ఏసీ వేశాక కాయిల్ చల్లబడి కొత్త నీళ్ళు పట్టేసరికి అది అణగిపోతుంది. సిగ్నల్ దగ్గర ఇంజిన్ దానంతట అదే ఆగిపోయే కార్లలో మధ్యమధ్యలో వాసన కొట్టేది కూడా అందుకే. ఆగిన ఆ కాసేపు, ఏసీ గ్యాస్‌ని పైపుల్లో తిప్పే కంప్రెసర్ తిరగదు, కాయిల్ వేడెక్కుతుంది.

నీలిపక్షి

మందు చాలా సులువు. ఇల్లు చేరడానికి కొన్ని నిమిషాల ముందు ఏసీ బటన్ ఆపేసి బ్లోయర్ మాత్రం నడపండి. కాయిల్ ఆరిపోతుంది. మా ఇంట్లో అందరికీ ఇది అలవాటైపోయింది, వాసన మాటే లేదు.

గాలిమర

నీలిపక్షి గారూ, ఈ సలహా అన్ని చోట్లా వింటూనే ఉన్నాను, కానీ మా వైపు గాలిలో తేమ చాలా ఎక్కువ. ఏసీ ఆపగానే ఆవిరి మొహానికి కొడుతుంది, ముందు అద్దం మసకబారుతుంది. రోడ్డు కనిపించకుండా నడపడం ప్రమాదం కదా. ఒక నిమిషం ఆపి చూస్తే తేడా ఏమీ తెలియలేదు. అసలు ఎంతసేపు నడపాలి?

తేమలెక్క

గాలిమర గారి ప్రశ్న దగ్గరే అసలు విషయం ఉంది. కొంచెం లెక్క చూద్దాం, విసుగు పడకుండా చదవండి.

బయట 30 డిగ్రీలు, తేమ 75 శాతం అనుకుందాం. ఆ గాలికి మంచుబిందు ఉష్ణోగ్రత దాదాపు 25 డిగ్రీలు. అంటే 25 కన్నా చల్లగా ఉన్న ఏ వస్తువు తగిలినా దాని మీద నీళ్ళు పడతాయి. ఏసీ ఆపిన క్షణంలో కాయిల్ ఇంకా నాలుగైదు డిగ్రీల దగ్గరే ఉంటుంది. అప్పుడు మీరు బ్లోయర్‌తో బయటి గాలి తోలితే కాయిల్ ఆరదు, ఇంకా తడుస్తుంది! అది 25 దాటాకే ఆరడం మొదలవుతుంది. కాబట్టి ఒక్క నిమిషం ఆపి, పని అయిపోయిందనుకుంటే లాభం లేదు. కాయిల్ వేడెక్కడానికి కొంత, ఆరడానికి ఇంకొంత కావాలి. తేమ ఎక్కువున్న రోజు ఐదు నిమిషాలు కనీసం అనుకోండి, పది ఉంటే ఇంకా మంచిది.

అదే 30 డిగ్రీల్లో తేమ 30 శాతమే ఉంటే మంచుబిందు పది డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. కాయిల్ ఆ గీత చాలా త్వరగా దాటుతుంది, పొడిగాలి చకచకా ఆరబెడుతుంది. నీలిపక్షి గారికి సులువుగా పనిచేసింది బహుశా పొడి వాతావరణం వల్లే.

అద్దం మసకబారే సంగతి: చల్లారిన అద్దానికి ఆవిరి గాలి తగిలితే అంతే. ఏసీ ఆపేముందు గాలి దారిని అద్దం వైపు కాకుండా మొహం వైపో కాళ్ళ వైపో మార్చండి, కిటికీలు కొద్దిగా దించండి. అయినా మసకబారితే వెంటనే ఏసీ వేసేయండి. వాన కురుస్తున్నప్పుడు దారిలో ఈ పని అసలు పెట్టుకోవద్దు. చేరాక బండి ఆపి, ఆరుబయట తలుపులు తీసి బ్లోయర్ నడపండి.

మైలురాయి

హీటర్ వేస్తే సరిపోదా? వేడిగాలి తగిలితే కాయిల్ క్షణాల్లో ఆరిపోవాలి.

స్పానర్‌పట్టు

మైలురాయి బ్రో, అందరూ అలాగే అనుకుంటారు. పెట్టె విప్పి చూస్తే తెలుస్తుంది. దాదాపు అన్ని కార్లలో గాలి ముందు ఎవాపరేటర్‌ని దాటుతుంది, ఆ తర్వాతే గాలిని వేడిచేసే హీటర్ కోర్ దగ్గరికి వస్తుంది. బయటి గాలి మోడ్‌లో హీటర్ వేస్తే వేడెక్కేది కాయిల్ దాటిపోయిన గాలి. మీకు చెమట పడుతుంది, కాయిల్‌కి ఒరిగేదేమీ లేదు.

పనిచేయాలంటే లోపలి గాలే తిరిగే రీసర్క్యులేషన్‌లో పెట్టాలి. అప్పుడు వేడెక్కిన క్యాబిన్ గాలి చుట్టు తిరిగి మళ్ళీ కాయిల్ మీదికి వస్తుంది. ఆ వేడికి కాయిల్ బాగా ఆరుతుంది. కానీ ఆరిన తేమ అంతా క్యాబిన్‌లోనే చేరుతుంది కాబట్టి చివర్లో తలుపులన్నీ తీసి, బయటి గాలి మోడ్‌కి మార్చి దాన్ని బయటికి పంపాలి. ఇది రోజూ చేసే పని కాదు. కాయిల్ శుభ్రం చేయించిన రోజో, చాలా రోజులు బండి తీయకుండా ఉంచబోయే ముందో చేస్తే బాగుంటుంది.

ఒక మాట గట్టిగా చెబుతున్నా: మూసిన గ్యారేజీలో ఇంజిన్ ఆన్ చేసి ఈ పనులు చేయకండి. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, ప్రాణం పోతుంది. ఆరుబయటే చేయండి.

ఇంటిమెకానిక్

కొత్తస్టీరింగ్ గారూ, ఆరబెట్టడం సరే, దానికన్నా ముందు ఒకటి చూడండి. ఏసీ పది పదిహేను నిమిషాలు నడిచాక కారు కింద నీళ్ళు కారుతున్నాయా? తేమ ఉన్న రోజు చుక్కలు చుక్కలుగా తప్పకుండా పడాలి. పొడి వాతావరణంలో తక్కువ పడొచ్చు, దాన్ని చూసి కంగారు పడకండి. కానీ గాలి జిగటగా ఉన్న రోజు కూడా కింద నేల పొడిగా ఉంటే డ్రెయిన్ పైపు మూసుకుపోయినట్టే లెక్క. దుమ్ము, ఆకుల పొడి, ఒక్కోసారి పురుగులు పెట్టిన మట్టి గూళ్ళు అడ్డుపడతాయి.

ఇంకో రెండు గుర్తులు ఉన్నాయి. మలుపు తిరిగినప్పుడో బ్రేకు వేసినప్పుడో డ్యాష్‌బోర్డు వెనక నీళ్ళు గుడగుడమన్న చప్పుడు. ముందు సీట్ల దగ్గర కార్పెట్ తడి. కార్పెట్‌ని పైపైన తడిమి ఊరుకోకండి, మ్యాట్ తీసి అరచేతితో గట్టిగా నొక్కి చూడండి. పైన పొడిగా ఉన్నా కింద మందపాటి స్పాంజి నీళ్ళు పట్టి ఉంటుంది. అది అలా ఉన్నంతకాలం కాయిల్ ఎన్నిసార్లు కడిగించినా వాసన పోదు, ఎందుకంటే అది పుట్టేది కార్పెట్ కింద.

పైపు క్లియర్ చేసేటప్పుడు జాగ్రత్త. గట్టి ఇనుప తీగ లోపలికి గుచ్చితే కాయిల్‌కి చిల్లు పడొచ్చు, అప్పుడు నిజంగానే గ్యాస్ పోతుంది. టైర్లకి గాలి కొట్టే కంప్రెసర్‌తో ఫుల్ ప్రెషర్ పెట్టి కొడితే లోపల పైపు జాయింటు ఊడి నీళ్ళు కార్పెట్ మీదికే వస్తాయి. కింది వైపు నుంచి మెత్తటి ప్లాస్టిక్ తీగతో కొద్దిగా కదిపితే చాలు, అడ్డం తొలగగానే నీళ్ళు బుడుంగున దిగుతాయి. మొహం పక్కకి పెట్టుకోండి.

వానచినుకు

కార్పెట్ తడి అనగానే ఏసీనే అనుమానించక్కర్లేదు. సన్‌రూఫ్ ఉన్న కార్లకి నాలుగు మూలల్లో సన్నటి డ్రెయిన్ గొట్టాలు ఉంటాయి. అవి మూసుకుపోతే వాననీళ్ళు పిల్లర్ల లోపలి నుంచి దిగి కార్పెట్ కిందికి చేరతాయి. డోర్ రబ్బర్లు చీలినా అంతే. వానలో నడిపినప్పుడు మాత్రమే తడి వస్తోందా, ఎండ రోజుల్లో ఏసీ నడిపినా వస్తోందా అని గమనిస్తే మూలం తేలిపోతుంది. ఆ నీళ్ళు శుభ్రంగా, వాసన లేకుండా ఉన్నాయా, జిగటగా తియ్యటి వాసన వేస్తున్నాయా అన్నది కూడా చూడాలి. తియ్యటి వాసన, దాంతోపాటు ముందు అద్దం లోపలి వైపు నూనె పొరలాంటిది పడుతుంటే అది హీటర్ కోర్‌లోంచి కూలెంట్, అంటే ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం, లీకు. అది బూజు సమస్య కాదు, వెంటనే మెకానిక్‌కి చూపించాలి. కూలెంట్ విషం, ఇంజిన్ వేడెక్కే ప్రమాదమూ ఉంది.

గాలిమర

తేమలెక్క గారూ, మీరు చెప్పినట్టు గాలి దారి మార్చి, ఎక్కువసేపు నడిపితే పరిస్థితి చాలా మెరుగైంది. ధన్యవాదాలు. మొదట వేడి ఆవిరి ఎందుకు వస్తుందో అర్థమయ్యాక విసుగు కూడా తగ్గింది.

క్యాబిన్ ఫిల్టర్ గురించి ఎవరూ చెప్పలేదేం? నాకు అదే పెద్ద దోషి అనిపిస్తుంది.

దారిదీపం

దోషి అనలేం కానీ వంతు ఉంది. ఫిల్టర్ చాలా కార్లలో గ్లవ్ బాక్స్ వెనక ఉంటుంది. రెండు వైపులా నొక్కి గ్లవ్ బాక్స్‌ని కిందికి దించితే ఒక సన్నటి మూత కనిపిస్తుంది, దాని లోపల. బేసిక్ మోడళ్ళలో కొన్నిటికి స్లాట్ మాత్రమే ఉండి ఫిల్టర్ ఉండదు. అలాంటి కార్లలో దుమ్మంతా నేరుగా కాయిల్‌కే పడుతుంది, అక్కడ ఫిల్టర్ కొని పెట్టడం మంచి పని. సాధారణంగా ఏడాదికో, 15 వేల నుంచి 20 వేల కిలోమీటర్లకో మార్చమంటారు. దుమ్ము రోడ్ల మీద తిరిగేవాళ్ళు ఇంకా ముందే మార్చాలి. పెట్టేటప్పుడు దాని అంచు మీద గాలి వెళ్ళే దిశకి బాణం గుర్తు ఉంటుంది, అది తిప్పి పెట్టేవాళ్ళు చాలామంది.

యాక్టివేటెడ్ కార్బన్ ఫిల్టర్ బయటి పొగ వాసనని బాగా ఆపుతుంది. కానీ ఎక్కువ కార్లలో ఫిల్టర్ కాయిల్‌కి ముందు ఉంటుంది. కాయిల్ మీద పుట్టిన వాసన ఫిల్టర్ దాటాక పుడుతుంది కాబట్టి కార్బన్ దాన్ని ఆపలేదు. "కార్బన్ ఫిల్టర్ వేస్తే వాసన పోతుంది" అని అమ్మేవాళ్ళు ఈ సంగతి చెప్పరు.

వైపర్ల కింద ఉన్న జాలీ కూడా చూడండి. బయటి గాలి లోపలికి వచ్చేది అక్కడి నుంచే. చెట్ల కింద ఆపే కార్లలో ఆకులు, పూలు అక్కడ చేరి వానకి కుళ్ళిపోతాయి. ఆ వాసన నేరుగా లోపలికే.

కొత్తస్టీరింగ్

అందరికీ చాలా థ్యాంక్స్. ఇంటిమెకానిక్ గారు చెప్పినవన్నీ చూశాను. కింద నీళ్ళు బాగానే కారుతున్నాయి, కార్పెట్ నొక్కి చూస్తే పొడిగా ఉంది. ఫిల్టర్ మాత్రం నల్లగా, ఒక మూల చెమ్మగా, మధ్యలో ఆకులతో దొరికింది. వెంటనే కొత్తది వేశాను. వాసన సగం తగ్గింది, పూర్తిగా పోలేదు. కాయిల్ కడిగించాలంటే డ్యాష్‌బోర్డు మొత్తం విప్పాలంటున్నారు. తప్పదా? ఇంట్లో బ్లీచింగ్ నీళ్ళు స్ప్రే చేయమని ఒకరు చెప్పారు, అది చేయొచ్చా?

స్పానర్‌పట్టు

బ్లీచ్ వద్దే వద్దు. క్లోరిన్ అల్యూమినియం రేకుల్ని తినేస్తుంది, పైగా ఆ ఆవిరి వెంట్లలోంచి మీ పాప మొహానికే వస్తుంది. ఆస్తమా ఉన్నవాళ్ళకి అది చాలా చెడు చేస్తుంది. వెనిగర్ కూడా ఆమ్లమే, అదీ వద్దు. కాయిల్ మీద ఫ్యాక్టరీలోనే నీళ్ళు నిలవకుండా జారిపోయేలా పూత వేస్తారు, ఘాటు రసాయనాలు ఆ పూతని పాడుచేస్తాయి. అది పోతే నీళ్ళు ఇంకా ఎక్కువ నిలుస్తాయి.

డ్యాష్‌బోర్డు విప్పడం చివరి మార్గం. అంతకుముందు ఎవాపరేటర్ క్లీనర్ ఫోమ్ ప్రయత్నించండి. డబ్బాతోపాటు పొడుగాటి సన్నటి గొట్టం వస్తుంది. కారు కింద డ్రెయిన్ పైపు నోట్లోంచి ఆ గొట్టం మెల్లగా పైకి ఎక్కించి ఫోమ్ వదులుతారు. అది ఉబ్బి కాయిల్‌ని ముంచుతుంది. డబ్బా మీద రాసినంతసేపు, మామూలుగా 15, 20 నిమిషాలు వదిలేస్తే మురికితో కలిసి అదే దారిలో కిందికి కారుతుంది. ఆ నీళ్ళ రంగు చూస్తే లోపల ఏముందో మీకే తెలుస్తుంది. అప్పుడు తలుపులన్నీ తీసి బ్లోయర్ ఫుల్‌గా పెట్టి ఆరబెట్టండి.

ఫిల్టర్ స్లాట్‌లోంచి కొట్టేవాళ్ళూ ఉన్నారు. కొన్ని కార్లలో ఆ స్లాట్ కింద బ్లోయర్ మోటారు ఉంటుంది. ఫోమ్ మోటారులోకి దిగితే ఖర్చు పెరుగుతుంది. మీ కారు లోపలి అమరిక తెలియకపోతే ఆ దారి వద్దు, తెలిసిన మెకానిక్ చేత చేయించండి. లోపల ఆన్ చేసి వదిలేసే పొగ డబ్బాలు ఉంటాయి చూశారా, అవి క్యాబిన్‌లో మంచి వాసన నింపుతాయి కానీ కాయిల్ మందం లోపలికి చేరి పట్టిన పొరని కడగలేవు.

పని జరిగిన రోజు పాపని ఎక్కించకండి. మరుసటి రోజు కూడా కొంచెం గాలి ఆడనిచ్చాకే ఎక్కించండి.

మైలురాయి

కారులో ఓజోన్ వాయువు వదిలే మిషన్ పెట్టి వాసన పోగొట్టేవాళ్ళున్నారు కదా, దాని సంగతేంటి?

తేమలెక్క

ఓజోన్ ఊపిరితిత్తులకి హాని చేస్తుంది, రబ్బరు భాగాల్ని పెళుసుగా చేస్తుంది. సీట్లకి పట్టిన పొగ వాసనలాంటిది కొంత తగ్గించవచ్చు. తడి రేకుల మధ్య జిగురుగా పట్టిన పొర లోపలికి అది దిగదు. దిగినా, కాయిల్ రోజూ తడిగానే ఉంటే మళ్ళీ అదే పొర పడుతుంది. ఆస్తమా ఉన్న పాప ఎక్కే బండి కదా, నేనైతే ఒప్పుకోను.

ఫోమ్‌కీ ఇదే మాట వర్తిస్తుంది. కడిగించడం వల్ల మీకు దొరికేది శుభ్రమైన కాయిల్. అది శుభ్రంగా ఉండేది రోజూ ఆరబెడితేనే.

దారిదీపం

కొత్తస్టీరింగ్ గారూ, పాప కోసం ఒక చిన్న అలవాటు చెబుతాను. కారు స్టార్ట్ చేశాక తనని ఎక్కించేముందే కిటికీలు దించి బ్లోయర్ ఒకటి రెండు నిమిషాలు గట్టిగా తిప్పండి. రాత్రంతా లోపల నిలిచిన గాలి, దాంతోపాటు వచ్చే బూజు రేణువులు చాలావరకు బయటికి పోతాయి. దగ్గు అయినా తగ్గకపోతే డాక్టర్‌కి ఈ విషయం ప్రత్యేకంగా చెప్పండి. బూజుకి అలర్జీ ఉన్నవాళ్ళు ఉంటారు, తెలిస్తే డాక్టర్ మందు సరిచేస్తారు.

కారులో సిగరెట్ కాల్చేవాళ్ళు ఎవరైనా ఉంటే ఆపించండి. ఆ తారు రేకులకి అంటుకుని దుమ్ముని పట్టేస్తుంది.

కొత్తస్టీరింగ్

కిందినుంచి ఫోమ్ కొట్టించాను. దిగిన నీళ్ళు చిక్కగా, బూడిద రంగులో ఉన్నాయి. ఆ తర్వాత స్పానర్‌పట్టు గారు చెప్పినట్టు రీసర్క్యులేషన్‌లో హీటర్ వేసి, చివర్లో తలుపులు తీసి ఆరబెట్టాను. ఇప్పుడు వాసన లేదు. పాప కారులో దగ్గడం తగ్గింది, డాక్టర్‌కి కూడా చూపిస్తున్నాం.

వానచినుకు

చాలా సంతోషం అండీ. నాదొక సందేహం. మాది ఎలక్ట్రిక్ కారు. దిగే ముందు ఏసీ ఆపడం ఒక్కోసారి గుర్తుండదు. దీనంతట అదే ఆరబెట్టుకునే ఏర్పాటు ఏమైనా ఉంటుందా?

తేమలెక్క

ఉంటుంది. కొన్ని హ్యుందాయ్, కియా మోడళ్ళలో దీన్ని ఆఫ్టర్ బ్లో అంటారు. కారు ఆపేసిన కొంతసేపటికి బ్లోయర్ దానంతట అదే తిరిగి కాయిల్‌ని ఆరబెడుతుంది. వెంటనే తిరగకుండా కాసేపు ఆగడం ఎందుకో ఇందాకటి లెక్క గుర్తుంటే అర్థమవుతుంది. ఈలోగా కాయిల్ వేడెక్కాలి, నీళ్ళు కిందికి జారాలి. పార్కింగ్‌లో ఉన్న కారులోంచి ఫ్యాన్ చప్పుడు వస్తే కంగారు పడి సర్వీస్‌కి తీసుకెళ్ళేవాళ్ళు ఉన్నారు, అది చెడిపోవడం కాదు. మీ కారు సెట్టింగుల్లో క్లైమేట్ విభాగం చూడండి, ఉంటే ఆన్ చేసుకోండి. బ్యాటరీ బాగా తగ్గినప్పుడు అది పనిచేయకపోవచ్చు.

మీ కారులో అది లేకపోయినా, ఫోన్ యాప్ నుంచి ఫ్యాన్ ఒక్కటే, ఏసీ లేకుండా నడిపే వీలుందేమో చూడండి. ఉంటే కారు దిగిన పావుగంట తర్వాత బయటి గాలి మోడ్‌లో పది నిమిషాలు నడిపితే సరిపోతుంది.

వానచినుకు

ఉంది! సెట్టింగుల్లో మూడో పేజీలో, ఆఫ్‌లో ఉంది. ఆన్ చేశాను.